ఎన్‌కర్సెస్‌లో ప్రింట్‌డబ్ల్యూ: మిర్చి కొట్టు లాట్ల బోర్డు కట్టే పద్ధతి

టెర్మినల్ తెరమీద కోరిన గడిలో అక్షరాలు రాయడానికి సీ భాషలో వాడే లైబ్రరీ ఎన్‌కర్సెస్, అందులో రాసే ఫంక్షన్ ప్రింట్‌డబ్ల్యూ. సీ భాషలో ప్రింట్‌ఎఫ్ వాడిన చేతికి ప్రింట్‌డబ్ల్యూలో కొత్తేమీ కనిపించదు. ఫార్మాట్ స్ట్రింగు అదే, పర్సెంట్ గుర్తులూ అవే. తేడా అల్లా రాసింది ఎక్కడ పడుతుందన్నదే. ప్రింట్‌ఎఫ్ రాసింది బస్సు టికెట్ మిషన్ కాగితంలా కిందికి జారిపోతూ ఉంటుంది. ప్రింట్‌డబ్ల్యూ రాసింది గళ్ళ నోటుపుస్తకంలో పడుతుంది. ఇక్కడే తిరకాసు: ఫార్మాట్ చేసే భాగం బైట్లు లెక్కపెడుతుంది, తెర గళ్ళు లెక్కపెడుతుంది. ఇంగ్లిష్ అక్షరాలూ అంకెలూ ఉన్నంతసేపు రెండు లెక్కలూ ఒకటే. రూపాయి గుర్తో తెలుగు పేరో తగిలిన చోట విడిపోతాయి. ప్రింట్‌డబ్ల్యూతో వచ్చే తలనొప్పుల్లో సగం ఇక్కడివే.

ఉదాహరణకి గుంటూరు మిర్చి యార్డులోని ఒక కమిషన్ కొట్టు అనుకుందాం. సీజన్లో రోజూ వచ్చే లాట్లు తెరమీద కనపడాలి: వరుస సంఖ్య, రైతు పేరు, రకం, టిక్కీలు (మిర్చి బస్తాలు), బరువు, క్వింటా ధర, మొత్తం. కింద ఒక కూడిక, అడుగున ఒక స్థితి వరుస. పాత కంప్యూటర్లో, మౌస్ లేకుండా, 80 కాలమ్‌లు 24 వరుసల టెర్మినల్‌లో నడవాలి. ఇక్కడి లాట్లూ ధరలూ లెక్క చూపడానికి వేసుకున్నవే.

కోడును ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాం. టైప్ చేసేటప్పుడు ఫంక్షన్ పేర్లన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా రాయాలి. "%5డీ" అని కనపడితే పర్సెంట్, ఐదు, ఇంగ్లిష్ చిన్న డీ అని. ఫంక్షన్ల, స్థిరాంకాల పేర్ల మధ్య చిన్న గీత కనపడితే అక్కడ అండర్‌స్కోర్ అని.

కుటుంబంలో ఎవరెవరు

అసలు ఫంక్షన్ ఒక్కటే, మిగతావి దానికి ముందు తగిలించిన అక్షరాలు. ప్రింట్‌డబ్ల్యూ ప్రధాన తెర మీద, కర్సర్ ఉన్నచోట రాస్తుంది. ముందు ఎంవీ ఉంటే మొదట కర్సర్‌ను జరిపి తర్వాత రాస్తుంది. ముందు డబ్ల్యూ ఉంటే ఏ విండోలో రాయాలో మనం చెప్పాలి. రెండూ కలిస్తే ఎంవీడబ్ల్యూప్రింట్‌డబ్ల్యూ: విండో, వరుస, కాలమ్, ఆ తర్వాత ఫార్మాట్. వీడబ్ల్యూ-అండర్‌స్కోర్-ప్రింట్‌డబ్ల్యూ అని ఇంకొకటి ఉంది. మన సొంత ఫంక్షన్ రాసుకునేటప్పుడు దానితో పని పడుతుంది. అండర్‌స్కోర్ లేని వీడబ్ల్యూప్రింట్‌డబ్ల్యూ పాతకాలపు వేరార్గ్స్ హెడర్ నాటిది. ఎన్‌కర్సెస్‌లో రెండూ ఒకేలా పనిచేస్తాయి కానీ కొత్త కోడులో అండర్‌స్కోర్ ఉన్నదే వాడండి.

వరుస ముందు, కాలమ్ తర్వాత. బడిలో గ్రాఫ్ గీసినప్పటి నుంచి ఎక్స్ ముందు, వై తర్వాత అలవాటైన చేయి ఇక్కడ తప్పకుండా తడబడుతుంది. టెర్మినల్‌కు కర్సర్ జరపమని పంపే ఆదేశంలోనే వరుస ముందు ఉంటుంది, లైబ్రరీ కూడా ఆ వరసే పట్టుకుంది. తారుమారు చేస్తే రెండు రకాల నష్టం. 5వ వరుస 66వ కాలమ్ అనబోయి 66, 5 అన్నారనుకోండి: 66వ వరుస లేదు గనక ఫంక్షన్ ఈఆర్‌ఆర్ అనే, తప్పు జరిగిందని చెప్పే విలువ తిరిగిస్తుంది, తెరమీద ఏమీ పడదు, ఎవరూ అరవరు. 4, 6 బదులు 6, 4 అంటే ఇంకా అన్యాయం: రాత పడుతుంది, పక్క లాటు మీద పడుతుంది.

మొదటి అడుగు: పునాది

ఉబుంటు, డెబియన్‌లలో లిబ్‌ఎన్‌కర్సెస్-డెవ్ ప్యాకేజీ, ఫెడోరాలో ఎన్‌కర్సెస్-డెవెల్. కంపైల్ చేసేటప్పుడు ఎన్‌కర్సెస్ కాదు, చివర డబ్ల్యూ ఉన్న ఎన్‌కర్సెస్‌డబ్ల్యూ లైబ్రరీని కలపండి. ఆ డబ్ల్యూ లేనిదానికి ఒక గడిలో ఒక బైటు మాత్రమే తెలుసు, తెలుగు పెడితే చిందరవందర చేస్తుంది. లైబ్రరీ పేరు ఆదేశంలో సోర్సు ఫైలు పేరు తర్వాతే రావాలి. ముందు పెడితే ఇనిట్‌స్క్రీన్ ఎక్కడుందో తెలియదని లింకర్ మొరాయిస్తుంది. లైబ్రరీ ఇన్‌స్టాల్ కాలేదనుకుని గంట పోగొట్టుకునే చోటు ఇదే. హెచ్చరికల కోసం హైఫన్, పెద్ద డబ్ల్యూతో మొదలయ్యే కంపైలర్ ఆప్షన్లు -డబ్ల్యూఆల్, -డబ్ల్యూఫార్మాట్=2 రెండూ పెట్టుకోండి.

ప్రోగ్రాం మొదట్లో పిలవాల్సిన వరస ఇది: సెట్‌లొకేల్, ఇనిట్‌స్క్రీన్, సీబ్రేక్, నోఎకో, ప్రధాన తెరకు కీప్యాడ్, కర్సర్ కనపడకుండా కర్స్-సెట్ సున్నా. లొకేల్ అంటే భాష, ప్రాంతాల అమరిక. సెట్‌లొకేల్‌కు ఎల్‌సీ-ఆల్ (పెద్ద అక్షరాల్లో), ఖాళీ స్ట్రింగు ఇవ్వాలి, అది ఇనిట్‌స్క్రీన్ కంటే ముందే జరగాలి. తర్వాత పెట్టినా కంపైలర్ ఊరుకుంటుంది, తెలుగు మాత్రం రాదు.

చివర ఎండ్‌విన్. మధ్యలో ప్రోగ్రాం కూలిపోయి ఎండ్‌విన్ దాకా రాకపోతే టెర్మినల్ వింతగా తయారవుతుంది, టైప్ చేసింది కనపడదు. కనపడకపోయినా రీసెట్ అని కొట్టి ఎంటర్ నొక్కండి, దారికొస్తుంది.

ఇనిట్‌స్క్రీన్ పిలిచాక మామూలు ప్రింట్‌ఎఫ్ జోలికి పోవద్దు. అది లైబ్రరీకి తెలియకుండా టెర్మినల్ మీద నేరుగా రాస్తుంది. తెరమీద ఏముందో లైబ్రరీ తన దగ్గర ఒక నకలు పెట్టుకుని, మారిన గళ్ళు మాత్రమే పంపుతుంది. దొంగచాటుగా పడిన అక్షరాలు ఆ నకలులో లేవు గనక వాటిని తుడవాలని దానికి తోచదు. బగ్ వెతకడానికి ఏదైనా రాసుకోవాలంటే ఎర్రర్ స్ట్రీమ్‌లోకి రాసి, ప్రోగ్రాం మొదలుపెట్టేటప్పుడే దాన్ని ఒక ఫైలులోకి మళ్ళించండి. రెండో టెర్మినల్‌లో టెయిల్-ఎఫ్‌తో ఆ ఫైలు చూస్తూ ఉండొచ్చు.

రెండో అడుగు: గళ్ళు పంచడం

కోడు ముట్టుకోక ముందే కాగితం మీద 80 గళ్ళు పంచుకోండి. లెక్క 0 నుంచి 79 వరకు. మన బోర్డుకు పంపకం ఇలా ఉంది. వరుస సంఖ్య 1వ కాలమ్ నుంచి 3 గళ్ళు. పేరు 6 నుంచి 22. రకం 30 నుంచి 10. టిక్కీలు 42 నుంచి 4. బరువు 48 నుంచి 8. ధర 58 నుంచి 7. మొత్తం 66 నుంచి 13, అంటే 78తో ముగుస్తుంది. 79వ కాలమ్ కావాలనే ఖాళీగా వదిలాం, కారణం కిందికి వస్తే తెలుస్తుంది.

నిలువునా: 0వ వరుసలో కొట్టు పేరు, తేదీ. 2లో శీర్షికలు. 4 నుంచి 20 దాకా లాట్లు, అంటే ఒక తెరకు 17. 22లో కూడిక, 23లో స్థితి.

ఇప్పుడు చాలామంది చేసే పని: ఒకే పొడవాటి ఫార్మాట్ స్ట్రింగులో ఏడు కాలమ్‌లూ పెట్టి ఒక్క పిలుపుతో వరుసంతా రాయడం. చూడటానికి పొందిగ్గా ఉంటుంది, కానీ ఎడమవైపు ఒక కాలమ్ గడి తప్పితే కుడివైపు ఉన్నవన్నీ దానితోపాటు జరుగుతాయి. ఒక్కో కాలమ్‌కు ఒక్కో ఎంవీప్రింట్‌డబ్ల్యూ రాయండి. ఏడు లైన్లు అవుతాయి, అవనివ్వండి. పేరు ఎలా తగలడినా ధర 58లోనే మొదలవుతుంది. వేగం గురించి బెంగ అక్కర్లేదు, ఈ పిలుపులన్నీ మెమరీలో రాసేవే. టెర్మినల్‌కు వెళ్ళేది రిఫ్రెష్ పిలిచినప్పుడే.

ఆ రిఫ్రెష్ మరిచిపోతే తెర నల్లగానే ఉంటుంది. గెట్‌సీహెచ్ తనంతట తాను ప్రధాన తెరను రిఫ్రెష్ చేస్తుంది, అందుకే కొన్ని ప్రోగ్రాములు రిఫ్రెష్ లేకుండానే పనిచేస్తున్నట్టు కనపడతాయి. వేరే విండో పెట్టిన రోజు ఆ అదృష్టం చెల్లిపోతుంది.

మూడో అడుగు: అంకెలు

వరుస సంఖ్యకు "%3డీ", టిక్కీలకు "%4డీ". ఇంతవరకు ప్రింట్‌ఎఫ్ పాఠమే. వెడల్పు ఇవ్వడం అందం కోసం మాత్రమే కాదు: పాత అంకె మీద కొత్త అంకె పడినప్పుడు మిగిలిన గళ్ళను ఖాళీలతో తుడిచేది ఆ వెడల్పే. వెడల్పు లేకుండా 118 మీద 42 రాస్తే తెరమీద 428 కనపడుతుంది. ఆ బోర్డు చూసి ఎవరైనా లారీ పురమాయిస్తే ఇంక చెప్పేదేముంది.

డబ్బును ఫ్లోట్‌లో పెట్టకండి. బరువు వంద గ్రాముల లెక్కలో, ధర రూపాయల్లో, మొత్తం పైసల్లో, అన్నీ పూర్ణాంకాలే. తేజ రకం మిర్చి 18 టిక్కీలు, 756.5 కిలోలు, క్వింటా 14,500 అనుకోండి. బరువు 7,565 అని నిల్వ ఉంటుంది. దాన్ని 14,500తో గుణించి 10తో భాగిస్తే పైసలు: 1,09,69,250. అంటే 1,09,692 రూపాయల 50 పైసలు. భాగించే ముందు 5 కలిపితే సరైన దగ్గరి పైసకు సర్దుకుంటుంది. గుణకారం మామూలు ఇంట్‌లో చేస్తే ఇదే ధరకు 148 క్వింటాళ్ళు దాటగానే 32 బిట్ల హద్దు తప్పి మొత్తం రుణసంఖ్య అయి కూర్చుంటుంది. లాంగ్ లాంగ్ వాడండి, గుణించే ముందే ఒక సంఖ్యను ఆ రకానికి మార్చండి.

ఇక రాయడం. మొత్తాన్ని 100తో భాగించిన ఫలం ఒకటి, శేషం ఒకటి, మధ్యలో చుక్క: "%10ఎల్‌ఎల్‌డీ.%02ఎల్‌ఎల్‌డీ". పది, చుక్క ఒకటి, పైసలు రెండు, కలిపి 13 గళ్ళు. పైసల ముందు ఆ సున్నా మరిస్తే 5 పైసలు ". 5" అని పడుతుంది. తగ్గింపుల్లాంటి రుణ మొత్తాలకు ఈ పద్ధతి సరిపడదు: మైనస్ 50 పైసలను భాగిస్తే ఫలం సున్నా, శేషం మైనస్ 50, తెరమీద "0.-50". గుర్తును విడిగా తీసి పెట్టుకుని, విలువను ధనం చేసి రాయాలి.

మనకు లక్షల కామా కావాలి కదా. 109,692 అని చూపిస్తే కొట్లో ఎవరూ ఒక్క చూపులో చదవలేరు. యూనిక్స్ తరహా వ్యవస్థల ప్రమాణమైన పోసిక్స్‌లో దీనికి ఒక గుర్తు ఉంది: పర్సెంట్ తర్వాత ఒంటి కొటేషన్. "%'10ఎల్‌ఎల్‌డీ" అంటే లొకేల్ ప్రకారం కామాలు వేస్తుంది. లొకేల్ ఇండియా ఇంగ్లిష్ అయితే 1,09,692 అని, అమెరికా ఇంగ్లిష్ అయితే 109,692 అని, ఏ లొకేలూ పెట్టని సీ లొకేల్ అయితే కామా లేకుండా 109692 అని వస్తుంది. యంత్రంలో ఏ లొకేళ్ళు ఉన్నాయో లొకేల్ -ఏ అని కొట్టి చూడండి, ఇండియాది లేకపోతే వేయించుకోండి. కామాలు కూడా వెడల్పులో భాగమే. 99,99,999.99 అంటే 12 గళ్ళు, పడుతుంది. కూడిక కోటి దాటిందంటే 1,00,00,000.00, అంటే 14. వెడల్పు అనేది కనీస హద్దు మాత్రమే, సంఖ్యను ఎప్పుడూ కత్తిరించదు. 66 నుంచి 14 గళ్ళు అంటే ఖాళీగా వదిలిన 79 కూడా నిండుతుంది, కుడి అంచు ఒక గడి జరుగుతుంది, అంకె మాత్రం పోదు. 79 వదిలింది ఇందుకే. సీజన్ రద్దీలో ఆ రోజు వస్తుంది.

బరువుకు ఇదే పద్ధతి: 10తో భాగించి "%'6ఎల్‌ఎల్‌డీ.%ఎల్‌ఎల్‌డీ", మొత్తం 8 గళ్ళు.

నాలుగో అడుగు: తెలుగు పేర్లు

రకం కాలమ్‌ను "%-10ఎస్" అని రాసి చూడండి. 334 రకం చక్కగా ఉంటుంది: మూడు అంకెలు, ఏడు ఖాళీలు, పది గళ్ళు. ఇప్పుడు "తేజ". అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ 3 బైట్లు. త, ఏత్వం, జ, మూడు సంకేతాలు, 9 బైట్లు. ఫార్మాట్ చేసేవాడి లెక్కలో పదికి ఒక్కటే తక్కువ, ఒక్క ఖాళీ కలిపి పంపుతాడు. తెర లెక్కలో త ఒక గడి, ఏత్వానికి సున్నా, జ ఒక గడి. మొత్తం రెండు గళ్ళు, ఒక ఖాళీ, మూడు. పది కావాల్సిన చోట మూడు. "బాడిగ" అయితే 15 బైట్లు, ఖాళీ అసలు కలపడు, తెరమీద మూడే గళ్ళు. అదే కారణంగా ₹ గుర్తు కూడా మోసం చేస్తుంది: 3 బైట్లు, 1 గడి. అందుకే రూపాయి గుర్తును శీర్షికలో ఒకసారి పెట్టి, అంకెల కాలమ్‌లో వదిలేయడం మేలు.

కత్తిరింపు ఇంకో చిక్కు. "%.10ఎస్" అంటే పది బైట్లు. "బాడిగ"లో మొదటి మూడు సంకేతాలకు 9 పోగా మిగిలిన పదో బైటు "గుడి" తాలూకు మొదటి ముక్క. అది ఏ అక్షరమూ కాదు. తెరమీద ఏం పడుతుందో యంత్రాన్ని బట్టి ఉంటుంది, మనకు కావాల్సింది మాత్రం పడదు. వైడ్ స్ట్రింగులకు (ఒక్కో సంకేతాన్ని ఒక్కో సంఖ్యగా పెట్టుకునే వాటికి) వాడే "%.10ఎల్‌ఎస్" కూడా బైట్లే లెక్కపెడుతుంది. సంకేతాన్ని మధ్యలో నరకదు, అంతవరకు నయం.

కాబట్టి పేర్లకు ప్రింట్‌డబ్ల్యూను పక్కన పెట్టి ఒక చిన్న ఫంక్షన్ రాసుకోండి. పని ఇలా సాగుతుంది. ముందుగా రాయాల్సిన చోటు, వెడల్పు, పేరు తీసుకోవాలి. ఎంబీఎస్‌టోడబ్ల్యూసీఎస్‌తో పేరును వైడ్ అక్షరాల వరసగా మార్చాలి. అది మైనస్ ఒకటి తిరిగిస్తే ఫైలులో బైట్లు చెడాయని అర్థం, అప్పుడు ప్రశ్నార్థకం రాసి బయటికి రండి. తర్వాత ఒక్కో సంకేతానికి డబ్ల్యూసీవిడ్త్ అడుగుతూ గళ్ళు కూడుతూ పోవాలి. వెడల్పు దాటబోయే సంకేతం దగ్గర ఆగాలి. సున్నా గళ్ళ గుణింతపు గుర్తులు ఎలాగూ కూడికను పెంచవు గనక తమ హల్లుతోపాటే లోపలికి వచ్చేస్తాయి. ఆగినచోట చివరి సంకేతం పొల్లు అయితే దాన్ని, దాని ముందున్న హల్లునూ వదిలేయండి. లేకపోతే ఒత్తు తెగి పేరు వేరే పేరులా కనపడుతుంది. ఇప్పుడు ఎంవీయాడ్‌ఎన్‌డబ్ల్యూస్ట్రింగ్‌తో అలా లోపలికి వచ్చినన్ని సంకేతాలే రాసి, మిగిలిన గళ్ళను "%*ఎస్", మిగిలిన లెక్క, ఖాళీ స్ట్రింగు ఇచ్చి ప్రింట్‌డబ్ల్యూతో నింపండి. ఆ నక్షత్రం వెడల్పును ఆర్గ్యుమెంటు నుంచి తీసుకుంటుంది, అది ఇంట్ రకమే అయ్యుండాలి. స్ట్రింగు పొడవుల్లాంటి సైజ్-టీ విలువను నేరుగా ఇవ్వొద్దు.

డబ్ల్యూసీవిడ్త్, వైడ్ ఫంక్షన్లు కనపడాలంటే హెడర్ల కంటే ముందు, మొదట్లో కూడా అండర్‌స్కోర్ ఉన్న ఎక్స్‌ఓపెన్-సోర్స్ 700, ఎన్‌కర్సెస్-వైడ్‌చార్ 1 అని నిర్వచించుకోవాలి. రెండూ పెద్ద అక్షరాల్లో.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. తెలుగు విషయంలో టెర్మినళ్ళు అన్నీ ఒకే మాట మీద లేవు. గుడి, ఏత్వం, పొల్లు సున్నా గళ్ళు. కొమ్ములు, సున్న మాత్రం చాలా లైనక్స్ యంత్రాల్లో ఒక గడి తీసుకుంటాయి, ఎందుకంటే యూనికోడ్ వాటిని వేరే తరగతిలో పెట్టింది. లైబ్రరీ ఒకటి లెక్కపెట్టి, టెర్మినల్ ఇంకోలా గీస్తే ఆ వరుసలో కుడివైపు ఉన్నవి కదిలిపోతాయి. మీ టెర్మినల్‌లో అలా జరుగుతుంటే ఒక మొరటు ఉపాయం ఉంది: పేరును ఆఖరి కాలమ్‌కు తీసుకుపోండి. దాని కుడివైపు చెడడానికి ఏమీ ఉండదు. గ్రాఫిక్స్ లేని లైనక్స్ కన్సోల్‌లో అయితే తెలుగు ఆశ వదులుకోవాల్సిందే. దాని ఫాంటులో 512 గుర్తులకు మించి పట్టవు, ఒత్తులు కూర్చడం దానికి రాదు.

ఐదో అడుగు: పర్సెంట్ గుర్తు దగ్గర జాగ్రత్త

లాటుకు ఒక గమనిక రాసే వీలు పెట్టారనుకోండి. గుమస్తా అందులో ఇంగ్లిష్‌లో "12% డ్రై" అని కొట్టాడు. మీరు ఆ స్ట్రింగును నేరుగా ప్రింట్‌డబ్ల్యూకు ఇచ్చారు. ఇంగ్లిష్ లిపిలో పర్సెంట్, ఖాళీ, డీ వరసగా ఉన్నాయి చూడండి. ప్రింట్‌ఎఫ్ భాషలో అది చెల్లుబాటయ్యే ఫార్మాట్: ధనసంఖ్య ముందు ఒక ఖాళీ వదిలి పూర్ణాంకం రాయమని. రాయడానికి ఏ అంకే ఇవ్వలేదు గనక మెమరీలో దొరికిందేదో రాస్తుంది. తెరమీద 12 పక్కన ఊరూపేరూ లేని పెద్ద సంఖ్య. డీకి బదులు ఎస్ పడి ఉంటే ప్రోగ్రాం కుప్పకూలేది. ఎన్ పడితే అంతకంటే ఘోరం, అది మెమరీలోకి రాసే గుర్తు.

వినియోగదారు టైప్ చేసింది ఎప్పుడూ ఫార్మాట్ స్థానంలో ఉండకూడదు. "%ఎస్" అని ఫార్మాట్ ఇచ్చి, దాని తర్వాత స్ట్రింగు ఇవ్వాలి, లేదా యాడ్‌స్ట్రింగ్ వాడాలి. మన ఫార్మాట్‌లోనే శాతం గుర్తు కావాలంటే "%%". 2021లో వచ్చిన ఎన్‌కర్సెస్ 6.3 నుంచి ఈ ఫంక్షన్లకు హెడర్‌లోనే తనిఖీ గుర్తు తగిలించారు. అప్పటిదాకా చప్పుడు లేకుండా కంపైల్ అయిన పాత ప్రోగ్రాములు ఒక్కసారిగా హెచ్చరికలు ఇవ్వడం మొదలుపెట్టాయి. అవి విసుగు పుట్టించినా నిజం చెబుతున్నాయి, నోరు నొక్కకండి.

ఆరో అడుగు: పెట్టెలో రాయడం, స్థితి వరుస

కొత్త లాటు చేర్చడానికి మధ్యలో చిన్న విండో కావాలి. న్యూవిన్‌తో 7 వరుసలు, 40 కాలమ్‌లు తీసుకుని, బాక్స్‌తో గీత గీసి, అందులో డబ్ల్యూప్రింట్‌డబ్ల్యూతో రాసి, ఫార్మాట్ చివర అలవాటుగా బ్యాక్‌స్లాష్-ఎన్ పెట్టారు. కుడి గీత ఆ వరుసలో మాయం! కర్సెస్‌లో కొత్త లైను అంటే ఊరికే కిందికి దిగడం కాదు, వరుస చివరిదాకా తుడిచి దిగడం. గీత కూడా మామూలు అక్షరమే గనక తుడిచిపెట్టుకుపోతుంది. తర్వాతి రాత 0వ కాలమ్‌లో, అంటే ఎడమ గీత మీద మొదలవుతుంది. పొడవాటి రాత అంచు దాటి చుట్టుకున్నా ఇదే గతి.

మందు: బయటి విండోకు గీత, దాని లోపల డెర్‌విన్‌తో 5 వరుసలు 38 కాలమ్‌ల పిల్ల విండో, 1, 1 స్థానంలో. రాతంతా పిల్లలోనే. డెర్‌విన్‌కు ఇచ్చే స్థానం తల్లి విండో నుంచి కొలిచేది, సబ్‌విన్‌కు ఇచ్చేది మొత్తం తెర నుంచి కొలిచేది. పని పూర్తయ్యాక ముందు పిల్లను, తర్వాత తల్లిని డెల్‌విన్ చేయండి.

స్థితి వరుస చివరిది, 23వది. దాని కుడి మూలగడి ఒక మొండిఘటం. అందులో అక్షరం పడగానే కర్సర్ ముందుకు పోవాలి, పోవడానికి చోటు లేదు. స్క్రోల్‌ఓకే పెట్టి ఉంటే బోర్డంతా ఒక వరుస పైకి జరుగుతుంది. పెట్టకపోతే అక్షరం పడినా ఫంక్షన్ ఈఆర్‌ఆర్ అంటుంది. కాబట్టి స్థితి వరుసలో 79 గళ్ళు దాటకండి.

"లాటు 12 చేరింది", "ఫైలు తెరుచుకోలేదు" లాంటి కబుర్లన్నీ ఒకే ఫంక్షన్ ద్వారా వెళ్తే బాగుంటుంది. దానికి ఫార్మాట్, ఆపైన ఎన్నైనా ఆర్గ్యుమెంట్లు. లోపల: మూవ్‌తో 23, 0కు వెళ్ళడం, క్లియర్‌టీఓఈఓఎల్‌తో పాతది తుడవడం, వీఏ-స్టార్ట్, వీడబ్ల్యూ-ప్రింట్‌డబ్ల్యూకు ప్రధాన తెర, ఫార్మాట్, ఆ జాబితా ఇవ్వడం, వీఏ-ఎండ్. ఈ రకానికి ఎంవీ తగిలించిన రూపం లేదు, అందుకే మూవ్ విడిగా. ఒకసారి వాడిన జాబితాను రెండోసారి వాడొద్దు. అదే కబురు లాగ్ ఫైలులోకి కూడా కావాలంటే వీఏ-కాపీతో ముందే నకలు తీసుకోండి. ఫంక్షన్ ప్రకటన పక్కన గ్నూ కంపైలర్‌కు అర్థమయ్యే ఫార్మాట్ ఆట్రిబ్యూట్‌లో ప్రింట్‌ఎఫ్, 1, 2 అని పెడితే మీ ఫంక్షన్‌కూ పర్సెంట్ తనిఖీ దొరుకుతుంది.

రంగు, మెరుపు, రిఫ్రెష్

ప్రింట్‌డబ్ల్యూకు రంగు ఆర్గ్యుమెంటు లేదు. విండోకు ఆ క్షణాన ఏ ఆట్రిబ్యూట్ ఉంటే అదే అంటుకుంటుంది. ఆట్రాన్, రాత, ఆట్రాఫ్. ఆట్రాఫ్ మరిస్తే ఆ తర్వాతివన్నీ లావు అక్షరాలే. ఎంచుకున్న లాటును మెరిపించడానికి వరుసంతా మళ్ళీ రాయక్కర్లేదు: ఎంవీసీహెచ్‌జీఏటీకి వరుస, కాలమ్ 0, పొడవు మైనస్ ఒకటి, రివర్స్ ఆట్రిబ్యూట్, రంగు జత 0, చివర నల్ ఇస్తే రాత ముట్టుకోకుండా వన్నె మాత్రం మారుస్తుంది.

సెకనుకోసారి బోర్డు తిరగరాస్తుంటే క్లియర్ వాడకండి, అది తర్వాతి రిఫ్రెష్‌లో తెరంతా మొదటినుంచి గీయమంటుంది, కళ్ళు చెదురుతాయి. ఎరేజ్ చాలు. రెండుమూడు విండోలుంటే ఒక్కోదానికి డబ్ల్యూనోఅవుట్‌రిఫ్రెష్, చివర ఒక్క డూఅప్‌డేట్.

పైతాన్ వాళ్ళకు ఒక ముక్క: అక్కడి కర్సెస్ మాడ్యూల్‌లో ప్రింట్‌డబ్ల్యూ లేదు. ఎఫ్-స్ట్రింగ్‌తో కూర్చి యాడ్‌స్ట్రింగ్‌కు ఇవ్వాలి. అక్కడ వెడల్పు బైట్లలో కాక సంకేతాల్లో లెక్క. "తేజ" మూడు అవుతుంది, తెరమీద ఇంకా రెండే. మూలగడిలో రాస్తే అక్కడ ఈఆర్‌ఆర్ బదులు ఎక్సెప్షన్ వచ్చి ప్రోగ్రాం ఆగిపోతుంది.

కొట్లో పెట్టేముందు

టెర్మినల్‌ను సరిగ్గా 80, 24కు తెచ్చి ఈ లాట్లు వేసి చూడండి: "మిర్చి" అనే రకం, 22 గళ్ళకు మించిన ఇంటిపేరుతో ఒక రైతు, సున్నా టిక్కీలు, 5 పైసల మొత్తం, కోటి దాటే కూడిక, గమనికలో ఒంటరి పర్సెంట్ గుర్తు. తర్వాత ముందుగా 118 టిక్కీలున్న లాటును 42కు మార్చి వెనకాల 8 మిగలలేదని చూసుకోండి. ఆఖరున టెర్మినల్ కిటికీని మౌస్‌తో చిన్నది చేయండి. గెట్‌సీహెచ్ నుంచి కీ-రీసైజ్ వస్తుంది. గెట్‌మ్యాక్స్‌వైఎక్స్‌తో కొత్త కొలతలు తీసుకుని, 80 కంటే తక్కువైతే పట్టిక మానేసి "తెర ఇంకా వెడల్పు కావాలి" అని ఒక్క ముక్క రాయండి. ఆ ముక్క కూడా 0, 0లోనే రాయండి, మధ్యలో పెట్టాలని లెక్కలేస్తే ఇరుకు తెరలో కాలమ్ రుణసంఖ్య అయి అదీ కనపడకుండా పోతుంది.